ఎవరూ అడగని గడియారం

అల్లుణ్ణి పనిలోకి రానివ్వొద్దని ఆవిడకి చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఆఫీసులో ఇద్దరు మొహం మీదే చెప్పారు. ఇంట్లో సొంత కూతురే చెప్పింది. "అమ్మా, రేపు ఏదైనా తేడా వస్తే నువ్వు ఆయన్ని తిట్టలేవు, ఆయన నీకు ఎదురు చెప్పలేడు. మధ్యలో నా ప్రాణం తీస్తారు" అంది. ఆవిడ అంతా విని, తల ఊపి, తనకు తోచిందే చేసింది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పద్ధతి అదే.

అల్లుడు మాత్రం తక్కువవాడా? తన పనిలో చెయ్యి తిరిగినవాడు. అతని పని కంప్యూటర్ల లోపలి గడియారాలు చూసుకోవడం. ఆ మాట వినగానే గోడ గడియారం గుర్తొస్తే తప్పు మనది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ తమ్ముడు కూడా "మా హాల్లో గడియారం ఆర్నెల్లుగా ఆగిపోయింది, కాస్త చూద్దూ బాబూ" అని అడిగాడు. పాపం, అల్లుడు మొహమాటానికి స్టూలెక్కి బ్యాటరీ మార్చి దిగాడు.

అతను చూసే గడియారాలు టైం చెప్పవు. చిప్పులో ఏ భాగం కదలాలన్నా సెకనుకి కోట్లసార్లు కొట్టుకునే ఒక నాడి కావాలి. ఆ నాడినే వాళ్ళు గడియారం అంటారు. నాడి అందితే ఆ భాగం పనిచేస్తుంది, ఆగితే ఉన్నచోటే పడుంటుంది. చిన్న చిప్పులో కూడా ఇలాంటివి నలభై, యాభై ఉంటాయి. దేన్ని ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో చూసేది కెర్నెల్. అంటే యంత్రం లేవగానే అన్నిటికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెత్తనం చేసే అసలు ప్రోగ్రాం. నాడి కావలసిన భాగం వచ్చి కెర్నెల్‌ని అడగాలి. అడిగినవాళ్ళు ఎంతమందో కెర్నెల్ ఒక లెక్క ఉంచుకుంటుంది. ఒక్కరున్నా గడియారం నడుస్తుంది. ఎవరూ లేరనుకోండి, ఆపేస్తుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే వెళ్ళి స్విచ్చి తియ్యమా? అంతే సంగతి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ ఆ స్విచ్చి తీసేముందు గదిలో ఎవరైనా ఉన్నారేమో చూడాలి. మన అల్లుడుగారు చూశాననుకున్నాడు.

అత్తగారి పని సముద్రం అడుగున. అడుగున భూమి ఎప్పుడెంత కదిలిందో రాసుకునే పెట్టెలు ఆవిడవి. పసుపు మూత, లావుపాటి గోడలు, కింద ఇనుప బరువు. ఓడవాళ్ళు ఆ పెట్టెకి తాబేలని పేరు పెట్టారు. బరువుతో సహా నీళ్ళలో వదిలితే నాలుగు కిలోమీటర్లు దిగి అడుగున కూర్చుంటుంది. ఏడాదిపాటు రాసుకుంటుంది. మళ్ళీ ఓడ వచ్చి, సరిగ్గా పైన ఆగి, శబ్దం రూపంలో ఒక ఆజ్ఞ కిందికి పంపుతుంది. తాబేలు అది విని, కొక్కెం విప్పి, బరువును అక్కడే వదిలేసి పైకి తేలుతుంది. దాంతో మాట్లాడాలంటే శబ్దం ఒక్కటే దారి. నీళ్ళలో అంత లోతుకి వైరూ వెళ్ళదు, రేడియో కూడా వెళ్ళదు.

ఆ సముద్రం కింద ఒక పొడవాటి పగులు ఉందనీ, అది ఊరికే పడుకోలేదనీ, కొద్దికొద్దిగా జరుగుతోందనీ ఆవిడ పద్నాలుగేళ్ళుగా చెవినిల్లు కట్టుకుని చెబుతోంది. తీరంలో ఊళ్ళున్నాయి, ముందే తెలియాలి కదా అంటుంది. కమిటీవాళ్ళు ప్రతిసారీ మర్యాదగా "ఆధారం చూపించండి మేడం" అని టీ తెప్పిస్తారు. పదకొండు నెలల కిందట తాబేలుని సరిగ్గా ఆ పగులు మీద దింపారు. నాలుగో నెలలో తీరంలో కిటికీలు గలగలలాడాయి. ఆ అదురు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒడ్డున ఉన్న యంత్రాలు తేల్చలేకపోయాయి. తాబేలుకి తెలుసు. అది పుట్టినచోటే కూర్చుని ఉంది కదా.

ఈ నెలాఖరుకి ఆవిడ రిటైరవుతుంది. తాబేలు పైకొస్తే పద్నాలుగేళ్ళ మాటకి రుజువు దొరుకుతుంది. రాకపోతే అది ఒక పెద్దావిడ చాదస్తంగా ఫైల్లో ఉండిపోతుంది. ఇదే ఆవిడకి ఉన్న చివరి ఓడ ప్రయాణం.

ఇందులోకి అల్లుడెలా వచ్చాడంటే, భోజనాల దగ్గర. ఆవిడ ఎవర్నీ ఏదీ అడగదు. మంచినీళ్ళు కావాలన్నా తనే లేచి తెచ్చుకుంటుంది. ఆ రోజు కూడా అడగలేదు. "తాబేలు బ్యాటరీ తొమ్మిది నెలలే వస్తోంది, ఏడాది రావట్లేదు" అని కంచంలోకి చూస్తూ అంది, అంతే. అల్లుడు తింటున్న చెయ్యి ఆపి "నేను చూస్తాను అత్తయ్యగారూ" అన్నాడు. కూతురు తల్లిని చూసింది, మొగుణ్ణి చూసింది, మజ్జిగ గిన్నె అందుకుంది.

అతను చూశాడు. నిజంగానే బాగా చూశాడు. తాబేలు లేచి స్థిమితపడ్డాక కెర్నెల్ చేత ఒక హాజరు తీయించాడు. ప్రతి గడియారం దగ్గరా ఆగి, నిన్ను ఎవరైనా అడిగారా అని చూడటం, అడిగినవాళ్ళు లేకపోతే ఆపెయ్యడం. అలా పదిహేడు గడియారాలు దండగగా తిరుగుతూ దొరికాయి. పదిహేడూ ఆపాడు. తొమ్మిది నెలల బ్యాటరీ పదహారు నెలలకి వెళ్ళింది. అత్తగారు ఆ కాగితం రెండుసార్లు చదివి "బాగుంది" అంది. ఆవిడ నోటినుంచి ఆ మాట రావడం ఎంత అరుదో తెలిసినవాడు కాబట్టి, ఇంటికెళ్ళి పెళ్ళానికి ఆ ఒక్క మాటే నాలుగురకాలుగా చెప్పాడు. "సరే, వినపడింది. వెళ్ళి స్నానం చెయ్యి" అందామె.

ఓడ మీద మొదటిరోజు పొద్దున ఎనిమిదింటికల్లా తాబేలు పైన ఆగారు. సముద్రం నున్నగా ఉంది, గాలి లేదు, ఇంతకన్నా మంచిరోజు దొరకదు. శబ్దం పంపే గంటను తాడుతో పక్కనుంచి నీళ్ళలోకి దించారు. ల్యాబు గదిలో ముగ్గురు కూర్చున్నారు. అత్తగారు, అల్లుడు, యంత్రాలు బిగించే మనిషి. ఆ మనిషికి యాభై దాటాయి. జేబులో ఎప్పుడూ రెండుమూడు బోల్టులు గలగలలాడుతుంటాయి కనక అందరూ బోల్టు అనే పిలుస్తారు. తాబేలు మూత చివరిసారి బిగించింది అతనే. ఇక ఓడ మీద అల్లుడి పేరేమిటో ఎవరికీ పట్టలేదు. కెప్టెన్ దగ్గర్నుంచి వంటాయన దాకా అందరికీ అల్లుడుగారే. అతను మాత్రం పని చోట అత్తగారిని మేడం అనేవాడు. అది ఆవిడ పెట్టిన షరతు.

హెడ్‌ఫోన్లో తాబేలు వినపడింది. నిమిషానికోసారి సన్నగా ఒక కూత. బతికే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను, రాసుకుంటున్నాను అని దాని అర్థం. అత్తగారు ఒక చెవికి ఆనించుకుని విని, హెడ్‌ఫోన్ ఇచ్చేసి "పైకి రమ్మను" అంది.

అల్లుడు ఆజ్ఞ పంపాడు. శబ్దం దిగి, జవాబు ఎక్కి రావడానికి ఆరు సెకన్లు. ముగ్గురూ మనసులో లెక్కపెట్టుకున్నారు. ఆరు అయింది, పది అయింది, ఇరవై అయింది. నిమిషానికి ఆ మామూలు కూత మాత్రం వచ్చింది. మళ్ళీ పంపాడు. మళ్ళీ అదే. శబ్దం పెంచారు, ఓడను కొంచెం జరిపారు, గంటను ఇంకాస్త లోతుకి దించారు. మధ్యాహ్నానికి నూటఇరవైసార్లు పిలిచారు. తాబేలు తన పాటికి తాను నిమిషానికోసారి కూస్తూనే ఉంది. పిలుపు దాని చెవిన పడితేగా.

"నోరు పనిచేస్తోంది, చెవి పనిచెయ్యట్లేదు" అంది అత్తగారు.

అప్పుడు అల్లుడు ఒక పని చేశాడు. చెప్పుకోడానికి సిగ్గైన పని, అయినా చెప్పాలి. తాబేలుకి అచ్చంగా కవలలాంటి పెట్టె ఇంకొకటి ల్యాబులో ఉంది, అవసరానికి ఉంటుందని తెచ్చుకున్నది. దాన్ని బల్లమీద పెట్టి, తన ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించి, లోపల ఏం జరుగుతోందో తెరమీద అందరికీ కనపడేలా చేసి, ఆజ్ఞ వినిపించాడు. కొక్కెం టక్కుమని విడిపోయింది. మళ్ళీ బిగించి మళ్ళీ వినిపించాడు. మళ్ళీ టక్కుమంది. పదిసార్లకు పదిసార్లూ విప్పుకుంది.

"చూశారుగా మేడం. ప్రోగ్రాంలో ఏమీ లేదు. అదే ప్రోగ్రాం, అదే బోర్డు. చెవి దగ్గర ప్లగ్గులోకి నీళ్ళు దిగుంటాయి" అన్నాడు. బోల్టు వైపు చూడలేదు. చూడకుండా అన్నా ఎవర్ని అన్నాడో అందరికీ తెలుసు.

"నేను మూడుసార్లు చూశానండీ ఆ ప్లగ్గు. గ్రీజు కూడా పెట్టాను" అన్నాడు బోల్టు.

"మూడుసార్లు చూసినా దిగొచ్చు కదండీ."

బోల్టు లేచాడు. జేబులో చెయ్యి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర కంచం తీసుకుని వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. అత్తగారు అది చూసింది, అల్లుణ్ణి కూడా చూసింది. ఆవిడ ఏదన్నా అంటే బాగుండుననిపించింది అల్లుడికి.

రెండోరోజు పొద్దున బోల్టు ల్యాబులోకి వచ్చాడు. మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. "అల్లుడుగారూ, ఆ రెండోదాన్ని నాకొకసారి ఇస్తారా? సముద్రంలో వేసినదాన్ని ఎలా బిగించానో అలాగే బిగించి, తొట్లో వేసి చూద్దాం. నా ప్లగ్గులోకి నీళ్ళు దిగుతాయో లేదో తేలిపోతుంది" అన్నాడు.

అడిగింది న్యాయమే. అల్లుడు కేబుల్ పీకి పెట్టె ఇచ్చాడు. బోల్టు తన పద్ధతిలో గ్రీజు రాసి, ప్లగ్గు పెట్టి, మూత బిగించి, డెక్కు మీద ఉప్పునీళ్ళ తొట్లోకి దించాడు. అత్తగారు కూడా వచ్చి తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. అల్లుడు ఆజ్ఞ వినిపించాడు. ఇక్కడ ఆరు సెకన్లు అక్కర్లేదు, అర సెకను చాలు.

కొక్కెం కదల్లేదు.

మళ్ళీ వినిపించాడు. లేదు. పెట్టె తీసి, మూత విప్పి, ప్లగ్గు చూశారు. బోల్టు గుడ్డ పెట్టి తుడిచి గుడ్డ చూపించాడు. చుక్క తడి లేదు. పొడి పెట్టెని తొట్టి పక్కన చెక్కల మీద పెట్టి, నీళ్ళతో నిమిత్తం లేకుండా వినిపించారు. లేదు. అల్లుడు కేబుల్ తగిలించాడు, లోపల ఏం జరిగిందో చూద్దామని. తగిలించి అలవాటుగా ఆజ్ఞ వినిపించాడు. టక్కుమంది.

బోల్టు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కేబుల్ తీస్తే వినట్లేదు, పెడితే వింటోంది. మిగతా అంతా ఒకటేనండీ" అన్నాడు మెల్లిగా.

అల్లుడికి అప్పటికే సగం అర్థమైపోయింది. ల్యాబులోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని చూశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

చెవి భాగానికి ప్రోగ్రాం రాసింది ఎవరో, ఎనిమిదేళ్ళ కిందట. ఆ రోజుల్లో గడియారాలన్నీ లేస్తూనే నడిచేవి, ఆపేవాడు లేడు. అందుకని ఆ రాసినాయన తన గడియారాన్ని అడగలేదు. ఉన్నదాన్ని ఎవరడుగుతారు? అడక్కపోయినా ఎనిమిదేళ్ళూ నడిచింది. అదే గడియారం కేబుల్ పోర్టుకి కూడా నాడి ఇస్తుంది. పోర్టు మాత్రం బుద్ధిగా అడుగుతుంది, కేబుల్ తగిలించినప్పుడు. అల్లుడు పరీక్షలన్నీ కేబుల్ తగిలించే చేశాడు. లోపల ఏం జరుగుతోందో చూడాలంటే కేబుల్ ఉండాలి మరి. అతను చూస్తున్నంతసేపూ పోర్టు అడుగుతూ ఉంది, గడియారం నడుస్తూ ఉంది, చెవి వింటూ ఉంది. నెలన్నరపాటు వందలసార్లు పరీక్ష చేశాడు, అన్నిసార్లూ పాసయింది. తర్వాత కేబుల్ తీసి, మూత బిగించి, సముద్రంలో వదిలారు. కెర్నెల్ హాజరు తీసింది. నిన్ను ఎవరైనా అడిగారా అంది. ఎవరూ అడగలేదు. ఆపేసింది. పదిహేడింటిలో అది పదకొండోది.

తప్పు దిద్దడానికి ఒక్క లైను చాలు. చెవి ప్రోగ్రాం మొదట్లో, నాకు ఈ గడియారం కావాలి అని అడిగే లైను. రాశాడు. కవల పెట్టెలో ఎక్కించాడు. కేబుల్ తీసి ఆజ్ఞ వినిపించాడు. టక్కుమంది. మూడు నిమిషాల పని. అదే ఒక్క లైను నాలుగు కిలోమీటర్ల కిందికి పంపితే చాలు, అంతా అయిపోతుంది. పంపడానికి ఉన్న దారి ఆ చెవి ఒక్కటే. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది. అది కూడా తన చేత్తో, పరాయి ఇంటి తలుపు. అల్లుడు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి అని కాసేపు ఆలోచించాడు. ఉన్నది ఒక్క మొహమే కనక దానితోనే వెళ్ళాడు.

అత్తగారి గది చిన్నది, మంచం, బల్ల, గుండ్రటి కిటికీ. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని తాబేలునుంచి తియ్యబోయే డిస్కులకి చీటీలు రాస్తోంది. తేదీ, లోతు, పెట్టె నంబరు. అయిదు చీటీలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి.

"అత్తయ్యగారూ" అన్నాడు. మేడం అనాలని గుర్తు రాలేదు. "బోల్టుగారి తప్పేం లేదు. నాదే. చెవి గడియారం నేనే ఆపేశాను."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. మొత్తం చెప్పించుకుంది. మధ్యలో అడ్డు రాలేదు. హాజరు సంగతి, కేబుల్ సంగతి, ఒక్క లైను సంగతి అన్నీ చెప్పాడు.

"ఇంకే రకంగానైనా దాన్ని లేపగలమా?"

"లేదండీ."

"బ్యాటరీ అయిపోయి మళ్ళీ లేస్తే?"

"అయిపోతే ఇక లేవదండీ."

"రాసుకోవడం ఆగలేదు కదా."

"లేదండీ. అది బాగానే రాసుకుంటోంది. ఆ గడియారాన్ని అడిగినవాళ్ళున్నారు."

"మరి గడువు టైమరు?" అంది.

తాబేలుకి గడువు టైమరు ఒకటి ఉంది. ఓడ ఏ కారణంచేతైనా పిలవలేకపోతే, ఫలానా రోజు ఫలానా గంటకి తనంత తానే కొక్కెం విప్పుకుని పైకి రమ్మని. ఆ గడియారాన్ని అల్లుడు జాగ్రత్తగా అడిగి పెట్టాడు, అది తప్పకుండా పనిచేస్తుంది. కానీ ఆ రోజు ఎంచింది అత్తగారే. ఓడ ఏడాదికి వస్తుందని మొదటి ఏర్పాటు. ఓడకన్నా ముందు తాబేలు పైకి తేలితే ఎవరూ లేని సముద్రంలో కొట్టుకుపోతుంది కదా అని, ఏడాది దాటాక పదకొండో రోజు పెట్టింది. పొద్దున పదిగంటలకి పెట్టింది, వెలుతురు బాగుంటుంది, అందరూ టిఫిన్లు చేసుంటారని. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఓడ తేదీని నెల ముందుకి జరిపారు. అప్పటికే తాబేలు అడుగున ఉంది. పరవాలేదు, మనం పిలుస్తాం కదా అనుకున్నారు.

"పనిచేస్తుందండీ. ఇంకా నలభై ఒక్క రోజులుంది" అన్నాడు.

"నలభై ఒకటి" అంది ఆవిడ. చీటీలన్నీ ఒక దొంతిగా పేర్చి పక్కన పెట్టింది.

ఇద్దరూ కెప్టెన్ దగ్గరికి వెళ్ళారు. కెప్టెన్ మంచివాడే. కొక్కేలు కట్టిన తాడుతో అడుగున గాలిద్దామంటే ఓడలో రెండు కిలోమీటర్ల తాడుంది, లోతు నాలుగు. ఆగుదామంటే ఆగడానికి వీలున్నది రేపు మధ్యాహ్నం దాకానే. రేవులో ఇంకో బృందం తమ పెట్టెలతో కూర్చుని ఉంది, వాళ్ళ తర్వాత ఇంకొకరు, ఏడాదిదాకా ఓడ రోజులన్నీ పంచేశారు. "నా చేతుల్లో ఉంటే నలభై రోజులూ ఇక్కడే ఉంటాను పెద్ద మేడం" అన్నాడు. అతని చేతుల్లో లేదని ముగ్గురికీ తెలుసు.

ఆ సాయంత్రం అల్లుడు బోల్టుని వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను డెక్కు మీద తొట్టి కడుగుతున్నాడు. "నిన్న అలా అని ఉండకూడదు. క్షమించండి" అన్నాడు అల్లుడు.

"తప్పు నా ప్లగ్గుదైనా బాగుండేదండీ" అన్నాడు బోల్టు తొట్టి కడుగుతూనే. "నా ఉద్యోగం పోతే పోయేది. మీరిప్పుడు ఇంటికి కూడా వెళ్ళాలి."

మూడోరోజు చెయ్యడానికి ఏమీ లేదు. అయినా గంటను నీళ్ళలోంచి తియ్యలేదు. ముగ్గురూ వంతులు వేసుకున్నట్టు హెడ్‌ఫోన్ మార్చుకుంటూ కూర్చున్నారు. అల్లుడు అప్పుడప్పుడూ ఆజ్ఞ పంపేవాడు. వినదని తెలుసు, ఎందుకు వినదో కూడా ప్రపంచంలో అందరికన్నా అతనికే బాగా తెలుసు. అయినా పంపి ఆరుదాకా లెక్కపెట్టుకునేవాడు. అత్తగారు వద్దనలేదు. పన్నెండింటికి ఇంజను మొదలయ్యింది. ఓడ తిరిగాక కూడా కాసేపు కూత వినపడింది, తర్వాత నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది.

ఒడ్డుకొచ్చాక అల్లుడు ఊరికే కూర్చోలేదు. ఆ దారిన వెళ్ళే సరుకు ఓడలన్నిటికీ ఉత్తరాలు రాశాడు, ఫోన్లు చేశాడు. ఫలానా రోజు ఫలానా చోట పసుపు మూత పెట్టె ఒకటి తేలుతుంది, దయచేసి చూడండి అని. ఒకాయన చాలా మర్యాదగా జవాబిచ్చాడు. మా దారి అక్కడికి రెండు వందల కిలోమీటర్లు, అంత దూరం పక్కకి రాలేము అని. చేపల పడవలవాళ్ళు నవ్వారు, అక్కడ చేపలే లేవన్నారు. ఆఫీసులో కొత్తగా రాబోయే పెద్దాయన "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం ఎలాంటిదో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తాబేలు పైకొచ్చాక పిలవడానికి దానికొక చిన్న రేడియో ఉంది. పది కిలోమీటర్లు వినపడుతుంది. పక్కన ఓడ ఉంటుంది కదా, ఇంకా దూరం పిలవాల్సిన అవసరమేముంది అని అదే పెట్టారు.

పెళ్ళాం ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. నేను ముందే చెప్పాను అనే హక్కు ఆమెకి పూర్తిగా ఉంది. ఆమె అనలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ "అమ్మ నిన్ను ఏమైనా అందా?" అని అడిగింది. లేదన్నాడు. "నాతో కూడా ఏమీ అనలేదు" అంది.

నెలాఖరుకి అత్తగారు రిటైరయింది. పూలదండ వేశారు, కమిటీవాళ్ళు టీ తెప్పించారు. ఆవిడ బల్లమీది పుస్తకాలు మూడు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చాయి. చీటీల దొంతి కూడా వాటిలో ఉంది.

నలభయ్యో రోజు ఆవిడ అల్లుడికి ఫోన్ చేసింది. మామూలుగా కూతురికే చేస్తుంది.

"రేపు పొద్దున పదింటికి ఖాళీయేనా?"

"చెప్పండి అత్తయ్యగారూ."

"ఆఫీసుకి వెళ్ళకు. ఇక్కడికి రా." కొంచెం ఆగి, "రాగలవా?" అంది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ అతన్ని ఏదన్నా అడగడం అదే మొదటిసారి. వస్తానన్నాడు.

పదికి పది నిమిషాలుండగా వెళ్ళాడు. ముందు గదిలో రెండు కుర్చీలు గోడ గడియారానికి ఎదురుగా వేసి ఉన్నాయి. ఆవిడ కాఫీ ఇచ్చింది. పదయింది. "విప్పుకుంది" అన్నాడు అల్లుడు. ఆవిడ తలూపింది. నాలుగు కిలోమీటర్లు తేలడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. వీధిలో కూరగాయల బండి వెళ్ళింది. పక్కింట్లో కుక్కరు మూడుసార్లు కూసింది. పదిన్నరకి ఆవిడ "సగం దాకా వచ్చుంటుంది" అంది. పదకొండింటికి కాఫీ గ్లాసులు రెండూ తీసుకెళ్ళి కడిగి వచ్చి మళ్ళీ కూర్చుంది.

పదకొండూ పది అయింది. ముల్లు దాటింది.

"ఇప్పుడు పైకొచ్చుంటుంది" అంది.

"వచ్చుంటుందండీ."

"పిలుస్తూ ఉంటుందా?"

"అరగంటకోసారి పిలుస్తుందండీ. జవాబు లేకపోతే పడుకుని, మళ్ళీ లేచి పిలుస్తుంది."

"ఎన్నాళ్ళు?"

లెక్క అల్లుడికి కొట్టినపిండి. పాత బ్యాటరీ లెక్క అయితే తాబేలు మూణ్ణెల్ల కిందటే అడుగునే చచ్చిపోయి ఉండేది, పైకి వచ్చేదే కాదు. ఆ పదిహేడు గడియారాలు ఆపబట్టి ఇంకా శక్తి ఉంది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడతో చెప్పలేకపోయాడు.

"తొంభై రోజులు, అత్తయ్యగారూ."

ఆవిడ గడియారం వైపే చూస్తూ ఉంది. "అంత బాగా చేశావా" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కాగితం రెండుసార్లు చదివి బాగుంది అన్న రోజు గొంతే అది. అల్లుడు మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచి, పదకొండూ నలభై దాకా కూర్చుంది. అది రెండోసారి పిలిచే టైము.